రామ్‌జీ పక్కన ఎవరున్నారు?

రామ్‌జీ గోండు పేరు ఈ మధ్య బాగా వినపడుతున్నది. సంతోషం. ఏప్రిల్ 9 వస్తే ఆశ్రమ పాఠశాలల్లో ఫొటోకు దండ పడుతున్నది. హైదరాబాద్‌లో ఆయన పేరున గిరిజన సమరయోధుల మ్యూజియానికి పునాదిరాయి పడింది. ఎక్కడి నిర్మల్, ఎక్కడి మన పాలమూరు! అయినా అచ్చంపేట తండా పిల్లవాడు, అమ్రాబాద్ పెంట పిల్లవాడు, గద్వాల బోయగేరి పిల్లవాడు ఆయనను మావాడే అనుకుంటున్నారు. అనుకోవాల్సిందే.

కానీ ఆ సభల్లో కూర్చుని ఒకసారి చెవిపెట్టి వినండి. ఒక్క మాట రాదు. రోహిల్లా అనే మాట. రామ్‌జీ గోండు ఇంగ్లీషువాళ్లతో కొట్లాడాడు అంటారు, నిజాం సైన్యంతో కొట్లాడాడు అంటారు, మర్రిచెట్టుకు ఉరి తీశారు అంటారు. ఆయన పక్కన తుపాకి పట్టుకుని నిలబడ్డవాళ్లు ఎవరు, ఎక్కడినుంచి వచ్చారు, ఏ దేవుణ్ని మొక్కేవాళ్లు అన్నది చెప్పరు. కొందరికి తెలియక చెప్పరు. కొందరు తెలిసే చెప్పరు. మొదటివాళ్లకు ఈ వ్యాసం. రెండోవాళ్లతోనే నా జగడం.

1857 నుంచి 1860 దాకా దక్కన్‌లో కంపెనీ పాలన మీద జరిగిన తిరుగుబాటు ముందు ముస్లింలు లేపింది. హైదరాబాద్ నగరంలో లేచింది, అణిగింది. అణిగినట్టు కనపడి అడవిలోకి, కొండల్లోకి, మనవాళ్ల దగ్గరికి వచ్చింది. అక్కడ అది మనది కూడా అయింది. ఇందులో ఏ సగం తీసేసినా రెండో సగం అర్థం కాదు.

అసలు సంగతి చూద్దాం. 1857 మే నెలలో నిజాం నాసిరుద్దౌలా చనిపోయి, కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాను సాలార్‌జంగ్. కోఠీలో ఉన్న రెసిడెన్సీలో కంపెనీ ప్రతినిధి డేవిడ్‌సన్. అప్పటికి నాలుగేళ్ల కింద, 1853లో, కంపెనీ తనకు రావలసిన బాకీ పేరు చెప్పి బేరార్‌నూ రాయచూరు అంతర్వేదినీ నిజాం చేతినుంచి తీసుకున్నది. రాయచూరు అంటే మన నడిగడ్డకు పక్క చేను. అదే సమయంలో సాలార్‌జంగ్ ఖర్చులు తగ్గిస్తూ, అరబ్బు, రోహిల్లా సిపాయి జమేదార్ల దగ్గర తాకట్టులో ఉన్న తాలూకాలు విడిపిస్తూ వచ్చాడు. కత్తి తప్ప వేరే బతుకు లేనివాళ్లకు కింద నేల కదిలింది. మీరట్‌లో, ఢిల్లీలో సిపాయిలు తిరగబడ్డ వార్త వచ్చింది. ఔరంగాబాద్‌లో కంటింజెంట్ అశ్వదళం మేం పోము అన్నది. అక్కడినుంచి తప్పించుకుని వచ్చిన జమేదార్ చీదాఖాన్‌నూ అతని తోటివాళ్లనూ సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు.

దాని మీద లేచింది నగరం. జులై 17, శుక్రవారం. మౌల్వీ అల్లావుద్దీన్, బేగంబజార్ తుర్రేబాజ్ ఖాన్ ముందు నడిచారు. వెనుక రోహిల్లాలు, వాళ్ల వెనుక బజారు జనం, వందల్లో. రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న రెండు ఇళ్లు ఎక్కి అక్కడినుంచి కాల్చారు. ఆ ఇళ్లలో ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకొకటి జైగోపాల్‌దాస్‌ది. రాత్రంతా కాల్పులు జరిగాయి. సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెన్సీలో ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి చెదిరిపోయారు.

తుర్రేబాజ్ ఖాన్ దొరికాడు. ద్వీపాంతర శిక్ష పడింది. 1859 జనవరిలో జైలునుంచి తప్పించుకున్నాడు. ఐదువేల రూపాయల బహుమతి ప్రకటించారు. వారం తిరగకముందే తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరానికి తెచ్చి, అందరూ చూసేటట్టు చెట్టుకు వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. తిరిగి రాలేదు, అక్కడే చనిపోయాడు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. తిరగబడినవాళ్లలో నిజాం మతం వాళ్లే ఎక్కువ. వాళ్లను పట్టి ఇచ్చింది నిజాం దివాను. నిజాం చేజారితే దక్షిణాదే చేజారుతుందని బొంబాయి గవర్నరు అప్పుడు బెంగపడి రాశాడు. చేజారలేదు. అందుకు కూలి ముట్టింది. 1860 ఒడంబడికలో కంపెనీ తర్వాత వచ్చిన రాణి సర్కారు నిజాంకు 50 లక్షల బాకీ మాఫీ చేసింది, రాయచూరు అంతర్వేదినీ ధారాశివ్‌నూ తిరిగి ఇచ్చింది, 10,000 పౌండ్ల విలువ చేసే కానుకలు పంపింది. ఇంకొకటి కూడా ఇచ్చింది. సురపురం. దాని సంగతి కిందికి వస్తుంది. ఇది హిందువులు, ముస్లింల కొట్లాట అని ఎవరైనా అంటే ఈ ఒడంబడికను ముందు పెట్టి అడగండి: ఎవరు ఎవరివైపు ఉన్నారు?

మనకు ఇంకా దగ్గర సంగతి ఒకటుంది. అలంపూర్ వాళ్లకు కర్నూలు అంటే సంతకు పోయే ఊరు, దవాఖానకు పోయే ఊరు. ఆ కర్నూలును 1839 దాకా పఠాన్ నవాబులు ఏలారు. చివరివాడు గులాం రసూల్ ఖాన్. నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా చుట్టూ వహాబీ మాటలతో కంపెనీ మీద ఒక కుట్ర అల్లుకుంటున్నదని కంపెనీ పసిగట్టింది. కర్నూలు కోటలో ఫిరంగులు, మందుగుండు కుప్పలుగా దొరికాయి. 1839 అక్టోబర్ 18న కర్నూలు పక్క జొహరాపురంలో కొట్లాట జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి తీసుకుపోయారు, మరుసటి ఏడు అక్కడ కత్తిపోటుకు చనిపోయాడు. ముబారిజుద్దౌలాను గోల్కొండ కోటలో బంధించారు, అతనూ బయటికి రాలేదు. నవాబు మంచి రాజు అని నేను చెప్పబోవడం లేదు. ఆయన రాజ్యం పోయినందుకు రైతు ఏడ్చి ఉంటాడనీ అనుకోను. కానీ ఆ రోజుతో కృష్ణకు దక్షిణం ఒడ్డు నల్లమల కంపెనీ చేతికి పోయింది. ఉత్తరం ఒడ్డు నిజాం కింద ఉండిపోయింది. ఒకే చెంచు కులం, ఒకే అడవి, నడుమ ఏరు, రెండు సర్కార్లు. ఒక పక్క మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది, ఇంకో పక్క నిజాం జంగలాత్ వచ్చింది. నవాబు కథ మనకెందుకు అని అడిగే చెంచు తమ్ముడికి నా జవాబు ఇది: మీ తాత ఏ చట్టం కింద దొంగ అయ్యాడో ఆ చట్టం ఎవరి వెంట వచ్చిందో తెలియడానికి.

ఇప్పుడు సురపురం. గద్వాలనుంచి రాయచూరు మీదుగా పోతే ఒక పూట ప్రయాణం. గద్వాల, వనపర్తి, జటప్రోలు నిజాంకు పేష్కష్ కట్టిన సంస్థానాలైనట్టే సురపురం కూడా. తేడా ఏమిటంటే దాన్ని ఏలినవాళ్లు బేడ నాయకులు. మన మాటలో బోయలు. కృష్ణకు అటుపక్క కర్ణాటకలో వాళ్లు షెడ్యూల్డ్ తెగ, ఇటుపక్క నడిగడ్డలో బి.సి. జాబితాలో ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ వాల్మీకి బోయలను ఎస్.టి.లో చేర్చాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఆ వాదన ఇక్కడ పెట్టను, మన సంఘాల్లోనే దాని మీద రెండు మాటలున్నాయి. ఎస్.టి. కాగితం ఉన్నా లేకున్నా రాజా వెంకటప్ప నాయకుడు చేసింది మారదు.

వెంకటప్ప చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు సంస్థానం బాగోగులు చూడడానికి కంపెనీ మెడోస్ టైలర్ అనే ఇంగ్లీషాయనను పెట్టింది. పిల్లవాడు టైలర్‌ను అప్పా అని పిలిచేవాడు. 1853లో సంస్థానం వెంకటప్ప చేతికి వచ్చింది. నాలుగేళ్లకు దేశమంతా అంటుకుంది. అప్పటికి ఆయన ఇరవై దాటిన పడుచువాడు. బేడలను కూడగట్టాడు, అరబ్బులను, రోహిల్లాలను కొలువులో చేర్చుకున్నాడు. 1858 ఫిబ్రవరి 7 రాత్రి లింగసుగూరునుంచి వచ్చి దిగిన కంపెనీ దండు మీద పడ్డారు. మరునాడు పోరులో కెప్టెన్ న్యూబెరీ చచ్చాడు. ఇంకా దండ్లు వస్తున్నాయని తెలిసి రాజు రాత్రికిరాత్రి గుర్రం ఎక్కాడు.

ఎక్కడికి పోయాడు? హైదరాబాద్‌కు. అక్కడి అరబ్బులు ఆశ్రయం ఇస్తారని పోయాడు. బోయ రాజు చావు తరుముకొస్తుంటే వెతుక్కుంటూ పోయింది అరబ్బు గడప. ఆశ్రయం దొరకలేదు. బజారులో పట్టుకుని సాలార్‌జంగ్ ముందుకు తీసుకుపోయారు, ఆయన రెసిడెన్సీకి అప్పగించాడు. మొదట మరణశిక్ష, తర్వాత దాన్ని తగ్గించి చెంగల్పట్టు కోటలో నాలుగేళ్ల ఖైదు. అక్కడికి తీసుకుపోతుండగా దారిలో కావలి అధికారి పిస్టల్ పేలి చచ్చిపోయాడు. తానే కాల్చుకున్నాడని టైలర్ రాశాడు. సురపురం జనం ఆ మాట నమ్మరు, చంపారనే అంటారు. మనకు మిగిలిన కథలో ఎక్కువ భాగం టైలర్ చేతిరాతలోనే ఉన్నది. ఖైదులో పడ్డవాడి కథ, వాణ్ని పెంచి అప్పగించినవాళ్ల కలంనుంచి. ఇది గుర్తుపెట్టుకుని చదవాలి. ఆ తర్వాత రెండేళ్లకు సురపురాన్ని నిజాంకు బహుమానంగా ఇచ్చారు, బాకీ మాఫీతో కలిపి.

నిర్మల్‌లో జరిగింది ఇదే వరసలోది. హైదరాబాద్‌లో, మరాఠ్వాడాలో దెబ్బతిన్న రోహిల్లాలు గోదావరి దాటి గోండు అడవుల్లోకి వచ్చారు. అక్కడ రామ్‌జీ ఉన్నాడు. వాళ్లకు తుపాకి వాడడం తెలుసు, కంపెనీ దండు ఎట్లా నడుస్తుందో తెలుసు, ఎందుకంటే దాంట్లోనే కొలువు చేసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. గోండులకు కొండ తెలుసు, వాగు తెలుసు, ఊరూరా చుట్టాలున్నారు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉన్నది. వందలమంది కలిసి నిర్మల్ చుట్టూ కంపెనీనీ నిజాంనూ నిద్రపోనివ్వలేదు. బళ్లారినుంచి దండు దింపాల్సి వచ్చింది. చివరికి పట్టి మర్రికి వేలాడదీశారు. జనం దాన్ని వెయ్యి ఉరుల మర్రి అన్నారు. ఆ ఉరుల్లో గోండు మెడలూ ఉన్నాయి, రోహిల్లా మెడలూ ఉన్నాయి. తలారి మతం అడగలేదు. ఇప్పుడు మనం అడుగుతున్నాం.

నాకు తెలుసు, ఇక్కడ ఒక పెద్దమనిషి లేస్తాడు. రోహిల్లాలా? వడ్డీలకిచ్చి గోండుల పశువులను తోలుకుపోయినవాళ్లు కాదా వాళ్లు? నిజమే. రోహిల్లా వడ్డీ వ్యాపారి పేరు చెబితే ఆదిలాబాద్‌లో ముసలివాళ్లు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. ఆ మాట దాచొద్దు, పిల్లలకు అదీ చెప్పండి. కానీ అదే తక్కెడ అందరికీ పెట్టండి. వడ్డీ పేరున మన భూములు రాయించుకున్న షావుకార్లలో కోమట్లు లేరా, మన భూములు కలుపుకున్న దేశ్‌ముఖ్‌లలో రెడ్లు, వెలమలు లేరా? వాళ్ల కులాల్లో పుట్టి తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్ల స్థూపాల మీదినుంచి పేర్లు చెక్కేస్తున్నామా? లేదు కదా. రోహిల్లా దగ్గరికి వచ్చేసరికే ఈ లెక్క ఎందుకు గుర్తొస్తుంది?

ఇంకొక పెద్దమనిషి కొమురం భీం పేరు ఎత్తుతాడు. భీం కొట్లాడింది నిజాంతోనే కదా, 1940లో జోడేఘాట్‌లో చంపింది నిజాం పోలీసులే కదా అంటాడు. అవును. భీం కొట్లాడింది జంగలాత్ మీద, పట్వారీ మీద, పోడు చేసుకున్న నేలనుంచి వెళ్లగొట్టిన సర్కారు మీద. జల్, జంగల్, జమీన్ అన్నాడు. ఆ మూడు మాటలూ ఏ భాషవో ఒకసారి చూసుకోండి. ఆ సర్కారే 1857లో తుర్రేబాజ్‌ను పట్టి ఇచ్చింది, వెంకటప్పను పట్టి ఇచ్చింది. భీం శత్రువు, తుర్రేబాజ్ శత్రువు ఒకే గద్దె. ఎనభై ఏళ్ల తేడా, అంతే.

2021 సెప్టెంబర్ 17న కేంద్ర హోంమంత్రి నిర్మల్‌కు వచ్చి పెద్ద సభ పెట్టాడు, విమోచన దినం పేరున. సెప్టెంబర్ 17 అంటే 1948 సంగతి, హైదరాబాద్ సంస్థానం భారత దేశంలో కలిసిన సంగతి. రామ్‌జీ చనిపోయింది 1860లో, బ్రిటిష్ దండు చేతికి చిక్కి. ఎనభై ఎనిమిదేళ్ల దూరం ఉన్న రెండింటినీ ఒకే వేదిక మీదికి ఎక్కించడంలో ఒక లాభం ఉన్నది: రామ్‌జీ ఇంగ్లీషువాడితో కొట్లాడిన మనిషిగా కాక, తురకవాడితో కొట్లాడిన మనిషిగా కనపడతాడు. ఆ పార్టీ ఒక్కటే అని కాదు. అన్ని రంగుల కండువాలవాళ్లూ మన వీరులను అరువు తీసుకుంటున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక చేయో కాలో తక్కువగా ఇస్తున్నారు.

ముస్లిం పెద్దలనూ ఒక మాట అడగాలి. కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరున రోడ్డు ఉన్నది, 1857 స్మారకం ఉన్నది. జులై 17న అక్కడ పూలు పెట్టేటప్పుడు రామ్‌జీ పేరు ఎంతమంది తలుస్తున్నారు, వెంకటప్ప నాయకుడి పేరు ఎంతమందికి తెలుసు? నగరం గోడ దగ్గరే తిరుగుబాటు ఆగిపోయినట్టు చెప్పుకుంటే అది ఒక్క రాత్రి గలాటాగా మిగులుతుంది. మూడేళ్లు నిలబడ్డది అడవి వల్ల.

అధికారపు రాతల్లో వీళ్లకు పెట్టిన పేర్లు చూడండి. మౌల్వీ మతపిచ్చివాడు. రోహిల్లా దోపిడీగాడు. గోండు అనాగరికుడు. బేడవాడు బందిపోటు. తిరగబడ్డవాడి మాట వినకుండా ఉండాలంటే ముందు వాడికొక పేరు పెట్టాలి. ఇది ఇంగ్లీషువాడి ఒక్కడి విద్య కాదు. 1798లో ఫ్రెంచి సైన్యం ఈజిప్టులో దిగింది. అప్పటికి ఫ్రాన్సులో రాజు తల తీసి ఐదేళ్లు. స్వేచ్ఛ, సమానత్వం తెచ్చామని అరబ్బీలో కరపత్రాలు అచ్చువేసి పంచారు. వెంటనే పన్నులూ వేశారు. ఆ అక్టోబర్‌లో కైరో తిరగబడితే అల్ అజహర్ మసీదు మీదికి ఫిరంగులు పేల్చి, లోపలికి గుర్రాలను తోలారు. విప్లవం చేసి వచ్చినవాళ్ల నోటనూ తిరగబడ్డ కైరో జనం మతోన్మాదులే అయ్యారు. మంచి చేయడానికి వచ్చామని చెప్పుకునే పాలన కింద ఎదురు చెప్పినవాడికి మిగిలేది ఇటువంటి పేరే.

మనకు ఈ సంగతి కొత్తగా చెప్పాలా? 1871 చట్టం వచ్చాక పుట్టుకతోనే నేరస్థులని రాసిన కులాల జాబితాలో లంబాడీ ఉన్నాడు. 1952లో ఆ ముద్ర తీసేశారు, కాగితం మీద. ఇవాళ ఒక ముస్లిం పిల్లవాణ్ని చూసి ఉగ్రవాది అనే మాట నోటికొచ్చినప్పుడు మన తాత పోలీసు పటేలు దగ్గర హాజరు పెట్టుకోవడానికి నిలబడ్డది గుర్తురావాలి. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను పక్క తండాకు పంపే తమ్ముళ్లు కొందరు మా దగ్గర కూడా ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఈ కథ చెప్పకుండా ఇంతకాలం ఊరుకున్న చదువుకున్నవాళ్ల మీద ఉన్నది.

మన ఊళ్లు చూడండి. పీర్లు లేస్తే మోసేది ఎవరు? గుండం తవ్వేది ఎవరు, చుట్టూ అలాయి ఆడేది ఎవరు? ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లో కూడా పీర్లచావిడి ఉన్నది మన మూడు జిల్లాల్లో. 2019లో నల్లమలలో యురేనియం తవ్వుతామంటే అమ్రాబాద్ రోడ్డు మీద చెంచులతో పాటు కూర్చున్నది అన్ని కులాల, అన్ని మతాల జనం. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అడవి మీదికి రేపు మళ్లీ ఎవడైనా వస్తే, వేరుపడి ఒక్కొక్కరుగా నిలబడతామా అన్నదే నా బెంగ. రామ్‌జీని ఒంటరివాణ్ని చేసి చూపిస్తే పిల్లలు ఒంటరిగా కొట్లాడటమే వీరత్వం అనుకుంటారు.

సార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం. ఏప్రిల్ 9న దండ వేసేటప్పుడు ఫొటో పక్కన బోర్డు మీద నాలుగు పేర్లు రాయండి: రామ్‌జీ గోండు, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్, రాజా వెంకటప్ప నాయకుడు. కింద 'పేర్లు తెలియని గోండులు, రోహిల్లాలు, బేడలు, అరబ్బులు' అని రాయండి. పటం గీయించండి: కోఠీ, తూప్రాన్, నిర్మల్, సురపురం, కర్నూలు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఆ పటంలో నడుమ పడతాయి. పిల్లలకు అది చూస్తేనే సగం అర్థమవుతుంది. జులై 17న కూడా అదే బోర్డు పెట్టండి. మూడు జిల్లాల్లో ఒక్కో బడి మొదలుపెట్టినా చాలు, మిగతావాళ్లు చూసి చేస్తారు.

కాలేజీ పిల్లలకు ఇంకొక పని. సెలవుల్లో గద్వాలనుంచి రాయచూరు రైలెక్కి, అక్కడినుంచి బస్సులో సురపురం పోయి రండి. కన్నడం రాకపోయినా పర్వాలేదు, తెలుగుతో, ఉర్దూతో నడుస్తుంది. గుట్ట మీద టైలర్ కట్టుకున్న బంగ్లా ఇప్పటికీ ఉన్నది, టైలర్ మంజిల్ అంటారు, ఎవరిని అడిగినా చూపిస్తారు. అది చూడండి. చూశాక కిందికి దిగి బోయగేరిలో, ఆ తర్వాత మసీదు గల్లీలో కూర్చుని, ఫిబ్రవరి రాత్రి దండు మీద పడ్డవాళ్లలో మీ ఇంటిపేరువాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముసలివాళ్లను అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకురండి. వచ్చే సంకలనంలో వేద్దాం.